కచ్చీరు మీద మొదటి గడ్డపార

జనవరి 16, 1949. ఆదివారం

మళ్లీ కచ్చీరు కడతారట, పటేలు, పట్వారి కూర్చునే చోటు. పొద్దున డప్పు వేయించి చెప్పారు. పాత జాగాలోనే, పాత కొలతలతోనే. ఊళ్లో సర్కారుది ఒక్క గోడ కూడా లేకపోతే సర్కారు ఉన్నట్టు ఎట్లా తెలుస్తుంది మరి.

ఇప్పుడా జాగాలో చిక్కుడు పాదు ఉంది. నేను పెట్టిందే. కాయ బాగా దిగుతోంది.

డప్పు చప్పుడుకు అత్త చుట్ట తీసి పక్కన పెట్టింది. వాకిట్లోకి వెళ్లి, వీధి చివరికి వినబడేటట్టు – "కట్టుకోనీయుండ్రి. మల్ల నా కొడుకు వచ్చి కూలగొడ్తడు."

నా కొడుకు, నా కొడుకు. రెండేళ్లుగా ఇదే పాట. అంగడిలో, బావి దగ్గర, పెళ్లిళ్లలో. విన్నవాళ్లు నమ్మేశారు. కళ్లారా చూసినవాళ్లు కూడా ఇప్పుడు అట్లాగే చెబుతున్నారు.

మొదటి గడ్డపార వేసింది ఆయన కాదు. నేను.

బయట అనను. ఇక్కడ రాసుకుంటే ఎవరేమంటారు.

జనవరి 18

పట్వారీల లెక్కలు తనిఖీ చేసే గిర్దావరు దిగాడు. తాలూకా నుంచి గుర్రం మీద. మకాం దొర గడీలో, యూనియన్ మిలిటరీ ఉన్నచోటే. మనవాడే, తెలుగువాడే. నెమ్మదిగా మాట్లాడతాడు. నెమ్మదిగా మాట్లాడే అధికారి అంటే నాకు మొదటి నుంచీ అనుమానం.

అతనికి అప్పజెప్పిన పని ఏమిటో సాయంత్రానికి ఊరంతా తెలిసింది. కూలిపోయిన కచ్చీరు చరిత్ర రాయాలట. ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టారు, ఎట్లా పోయింది, ఎవరు పోగొట్టారు. ముందు మూడూ పేరుకే. చివరిది కావాలి వాళ్లకు. మిలిటరీకి కావాలి. పట్నం పారిపోయి, కొత్త తెల్లటోపీ పెట్టుకుని తిరిగొచ్చిన దొరకు మరీ కావాలి. మొదట గడ్డపార వేసినవాణ్ణి చూపిస్తే మిగతావాళ్ల జోలికి రామంటున్నారు.

"వాణ్ణి" అంటున్నారు. వాళ్ల బుర్రలో ఇంకో మాట పుట్టదు.

సరే, వాళ్ల చరిత్ర వాళ్లు రాసుకోనీ. నాదీ రాస్తా. బాపు నన్ను పంతులు దగ్గర కూర్చోబెట్టింది పద్దులు లెక్కపెట్టడానికి కాదు.

జనవరి 20. గురువారం

కట్టడం సంగతి.

అత్త కాపురానికి వచ్చిన ఏడు కట్టారు. ఇప్పటి దొర తాత కాలం. పేరు సర్కారుది, రాయి, సున్నం, చెమట ఊరివి. కూలి లేదు – వెట్టి. ఇంటికో మనిషి రావాలి. మామ దొర బండి తోలుతున్నాడు, ఆ వెట్టి వేరు. అందుకని రాళ్లు మోయడానికి అత్త పోయింది. గుట్ట మీది నుంచి నెత్తిన పెట్టుకుని దిగడం. కడుపుతో ఉంది అప్పుడు. ఆ బిడ్డ దక్కలేదు.

ఇది అత్త చెప్పిన మాట కాదు. పక్కింటి చంద్రమ్మకు వాళ్ల అవ్వ చెప్పిందట, చంద్రమ్మ నాకు చెప్పింది. అత్త నోటి నుంచి ఆ బిడ్డ మాట ఒక్కసారి కూడా వినలేదు. రాళ్ల గురించి మాత్రం చెబుతుంది. ఒక్కో రాయి ఎంత బరువుండేదో, ఎక్కడ పేర్చారో. తన ఇల్లు కట్టుకున్నట్టే చెబుతుంది. నాకు అర్థం కాదు. ఏడిపించిన గోడ మీద గర్వమేమిటి.

మనిషి ఎత్తుకు తక్కువగా ద్వారం. కావాలనే. పొట్టివాడు కూడా వంగి రావాలి లోపలికి. ఒక మూల పటేలు, పట్వారి కూర్చునే గద్దె. ఇంకో మూల బొండ – కాళ్లు ఇరికించి తాళం వేసే కొయ్య. లెవీ ధాన్యం తక్కువైనవాడు దాంట్లో. అదీ చాలకపోతే బయట ఎండలో వంగబెట్టి వీపు మీద రాయి. ఆయన వీపు మీద పెట్టారు ఒకసారి. నేను అంబలి ముంత పట్టుకుని నిలబడి చూశా. పొద్దు వాలేదాకా.

కింది మెట్టు దగ్గర చెప్పులు విడవాలి. లోపలికి పోకపోయినా సరే, ముందు నుంచి నడిచిపోతున్నా సరే. చెప్పులు చేతిలో పట్టుకుని, తల దించుకుని పోవాలి. లోపల ఎవరూ లేకపోయినా. గోడకు దండం అన్నమాట.

జనవరి 21

ఒక సంగతి స్పష్టంగా. ఈ పేజీల్లో "ఆయన" అంటే ఆయనే. గిర్దావరుకూ దొరకూ ఆ మాట వాడను. పేరు రాస్తే సరిపోతుంది కదా అని పెన్సిలు పెట్టా... చేయి కదల్లేదు. ఊరందరి ముందు గోడ పగలగొట్టిన చేయి, రెండక్షరాలు రాయదు. నవ్వుకున్నా.

జనవరి 23. ఆదివారం

కూలడం సంగతి.

ముందటేడు, ఎండలు ముదిరే ముందు. ఎర్రజెండా సంఘం వాళ్లు ముందురోజు వచ్చి పాడి పోయారు. దొర అప్పటికే పట్నం చేరాడు. పటేలు, పట్వారి తలుపులు బిగించుకున్నారు. ఊరంతా కచ్చీరు ముందు. గడ్డపారలు, సుత్తెలు, పారలు. ఇక కూలగొట్టడమే తరువాయి.

మగవాళ్లు కింది మెట్టు దగ్గర ఆగారు. ఆగి... చెప్పులు విడిచారు.

ఇప్పుడు నవ్వొస్తోంది. అప్పుడు రాలేదు, ఒళ్లు మండింది. కూలగొట్టడానికి వచ్చి చెప్పులు విడవడమేమిటి. జతలు జతలుగా, వరుసగా. వాళ్లకు తెలియనే తెలియదు విడిచామని. కాళ్లకు అలవాటు. అన్నిటికంటే ముందున్న జత ఆయనది. చెప్పులైతే విడిచారు, మెట్టు ఎక్కేవాడు లేడు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం. నువ్వు పో అంటే నువ్వు పో. ఇంకాసేపు అట్లాగే ఉంటే దండం పెట్టి ఇళ్లకు పోయేవాళ్లు, నాకు అనుమానం లేదు.

ఆయన చెప్పులు తొడుక్కున్నా. పెద్దవి. ఈడ్చుకుంటూ ఎక్కా మెట్లన్నీ. ఎవరి చేతిలోదో గడ్డపార లాక్కున్నా. ద్వారబంధం పక్క గోడలో దించా. మొదటి దెబ్బకు సున్నం. రెండోదానికి రాయి కదిలింది. అప్పుడు అరిచారు అందరూ. అప్పుడు ఎక్కారు. చెప్పులు వేసుకుని ఎక్కారు.

ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. నవ్వాడు. వట్టి కాళ్లతో ఉన్నాడు పాపం, చెప్పులు నా దగ్గరున్నాయి కదా.

పొద్దుగూకేసరికి నేల మట్టం. పెంకులు ఒకరింటికి, దూలాలు ఒకరింటికి. బొండ మేమే తెచ్చాం. పొయ్యిలో పెట్టా. బాగా ఎండిన కట్టె, మంచి మంట ఇచ్చింది.

అత్త అంతా చూసింది. ఎదురుగా నిలబడి చూసింది. మొగుడి చెప్పుల్లో కాళ్లు పెట్టిన కోడలు, నలుగురిలో. మర్నాటి నుంచి ఆమె కథలో నేను లేను. "నా కొడుకు ఎక్కిండు. నా కొడుకు ఏసిండు." ఆయన కూడా మొదట్లో రెండుసార్లు దిద్దబోయాడు. అమ్మ మొహం చూసి ఊరుకున్నాడు. నేను పళ్లు నూరుకున్నా. ఇప్పటికీ నూరుతున్నా.

జనవరి 25

ఎల్లుండి ఆడవాళ్లంతా కచ్చీరు జాగాకు రావాలని గిర్దావరు హుకుం. మగవాళ్లు దొరకడం లేదు కనుక. కొందరు అడవిలో, కొందరు జైల్లో, కొందరు చుట్టాల ఊళ్లలో.

రానీ. చూద్దాం.

జనవరి 27. గురువారం

ముందు మంచి సంగతి రాస్తా. దాన్ని చెడు మింగకముందే.

గిర్దావరు మంచం వేయించుకుని కూర్చున్నాడు, నా చిక్కుడు పాదు పక్కనే. అతని గుర్రం తీగ తింటోంది. నేను గుర్రాన్నే చూస్తున్నా.

ముందు చంద్రమ్మను పిలిచాడు. ఆ రోజు మీ ఇంట్లో నుంచి ఎవరు వచ్చారని. ఇంటి పెద్దమనిషి అంది. పేరు చెప్పమన్నాడు. చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మొగుడి పేరు ఎట్లా చెబుతుంది. తెలుగువాడు, ఆమాత్రం అతనికీ తెలుసు. సరే, పక్కామె మొగుడి పేరు చెప్పు అన్నాడు, తెలివిగా. "గాయిన నాకు బావ అయితడు సారూ" అంది చంద్రమ్మ. బావ పేరు అసలు చెప్పకూడదు. ఆ పక్కామెను లేపాడు. చంద్రమ్మ మొగుడు తనకు మామ వరుస అంది. మామ పేరు ఎత్తితే ఇంకేమైనా ఉందా.

ఇక చూడాలి. వరుసలు కలిపాం, వరుసలు పుట్టించాం. పొద్దు నెత్తికెక్కేసరికి ఊళ్లో మగవాళ్లందరూ అందరికీ బావలో మామలో అయ్యారు. పేరున్న మగవాడు ఒక్కడూ మిగల్లేదు. మీరైనా చూశారా అంటే, ఆ రోజు ఒక్కొక్కరం ఒక్కో ఊరి పెళ్లికి పోయామన్నాం. గిర్దావరు చెమట తుడుచుకున్నాడు. నన్ను అడిగినప్పుడు నేను సిగ్గుపడ్డాను కూడా. నాకు సిగ్గు అంత బాగా వస్తుందని నాకే తెలియదు.

ఇప్పుడు చెడు సంగతి.

అతను కలం మూశాడు. లేవబోయి, చివర్లో కూర్చున్న అత్తను చూశాడు. తల్లికి కొడుకు పేరు చెప్పడానికి ఏ అడ్డమూ లేదని అతనికి అప్పుడు తట్టింది కాబోలు. కానీ అడగలేదు. అట్లా అడిగినా బాగుండేది, అత్త జాగ్రత్తపడేది. నెమ్మదిగా అన్నాడు – "అవ్వా, ఎవ్వలు ఏం చెప్తలేరు. నాకైతె అది గాలివానకు పడ్డట్టే అనిపిస్తాంది. గట్లనే రాస్త."

రాయనిస్తే అయిపోయేది. గాలివాన. దానికి పేరు లేదు, ఇల్లు లేదు. అందరం చేతులు కట్టుకుని తలలూపుతున్నాం. అత్త లేచి నిలబడింది.

"గాలివానకా? నేను మోసిన రాళ్లు గాలికి పడ్తయా? నా కొడుకు గడ్డపార ఏస్తే పడ్డది."

పేరు కూడా చెప్పింది. ఇంటిపేరుతో సహా. గుండె నిండా ఊపిరి పీల్చుకుని మరీ చెప్పింది.

గిర్దావరు కలం తెరిచాడు.

జనవరి 28

అత్తతో మాటలు లేవు. రొట్టె ముందు పెడుతున్నా, తింటోంది. తనేదో తప్పు చేసినట్టు లేదు ఆమెకు. "ఉన్నది ఉన్నట్టు చెప్పిన" అంది గోడతో.

ఉన్నది ఉన్నట్టట.

జనవరి 31

ఆయన కొల్లాపూర్ వైపు అడవిలో ఉన్నాడని సంక్రాంతికి ముందు కబురు. అక్కడి నుంచి ఇటు రాడు. తెలివైనవాడు. పేరు రాసుకుంటే రాసుకోనీ, మనిషి దొరికితే కదా.

భయం లేదు నాకు.

ఫిబ్రవరి 3. గురువారం

జొన్న కోతకు వచ్చింది. ఈ చెలక దొరది కాదు, మాది – సంఘం పంచినప్పుడు వచ్చింది. కోసి ఇంటికి చేరుస్తా, ఎవరడ్డం వస్తారో చూస్తా. చంద్రమ్మ బదులు కూలికి వస్తానంది.

కచ్చీరు పునాదికి ముగ్గు పోశారు. నా పాదు మధ్యలో నుంచి గీత. రాళ్లు ఊరివాళ్లే మోయాలట. కూలి ఇస్తారా అని అడిగా. ముగ్గు పోసేవాడు నా మొహం చూసి ఇంకో పక్కకు పోయి పోసుకున్నాడు.

ఫిబ్రవరి 8. మంగళవారం

ఆయన దొరికాడు.

తిరుమలగిరి అంగడిలో. ఇంటికే వస్తున్నాడట. ఎందుకు... ఎవరు రమ్మన్నారు. సంచిలో పొగాకు కట్ట ఉందట. అది ఎవరికోసమో అత్తకు నేను చెప్పలేదు, ఆమే విన్నది.

పేరు రామయ్య అని చెప్పాడట. దొర మనిషి గుర్తుపట్టాడు. పేరు ఇక్కడ రాసి సిద్ధంగా ఉంది.

మోటారులో తెచ్చి గడీలో పెట్టారు. మా ఊరి గడీలోనే. మా వాకిట్లో నిలబడితే దాని గోడ కనిపిస్తుంది.

ఇదీ రాస్తా.

ఫిబ్రవరి 9

మామూలుగా దొరికినవాళ్లను నల్లగొండ జైలుకు పంపుతున్నారు. జైలు నుంచి మనుషులు తిరిగొస్తారు. ముందు నడిచినవాడని రాసినవాళ్లను గుట్ట వెనక్కి తీసుకుపోతున్నారు. పక్క ఊళ్లో ఇద్దరిని తీసుకుపోయారు. మోటారు ఖాళీగా వచ్చింది.

ఆయన ఏ లెక్కలోకి వస్తాడన్నది ఒక్క గడ్డపార మీద ఉంది. నా గడ్డపార మీద.

ఫిబ్రవరి 10. గురువారం

పోయా. గిర్దావరు ముందు నిలబడ్డా. కూర్చోమన్నాడు, కూర్చోలేదు. మొదటి గడ్డపార వేసింది నేనని చెప్పా. గట్టిగా, పక్కన ఉన్న సిపాయిలు తిరిగి చూసేటట్టు. చెప్పులు విడిచిన సంగతి, తొడుక్కున్న సంగతి, ఎక్కడ దించానో, ఎన్ని దెబ్బలకు కదిలిందో, అన్నీ.

రెండేళ్లుగా ఈ మాట ఎవరితోనైనా అనాలని ఉండేది. అన్నాక ఇంత చప్పగా ఉంటుందనుకోలేదు.

అతను నవ్వలేదు. అదే కష్టం, నవ్వితే కోపం వచ్చేది. జాలిగా చూశాడు.

"మొగన్ని ఇడిపిచ్చుకునేటందుకు ఆడిది ఏమన్న అంటది బిడ్డా. చూసినోళ్లు చెప్పాలె."

ఊరంతా చూసింది అన్నా. ఊరంతా ఆ రోజు పెళ్లికి పోయిందటగా అన్నాడు. నిజమే. మొన్న మేమే చెప్పుకున్నాం అట్లా, అందరం. ఒక్కొక్కరు ఒక్కో ఊరి పెళ్లికి. తానక్కడ ఉన్నానని ఒప్పుకుంది ఒక్క అత్తే. ఆమె వచ్చి మాట మార్చితే తిరిగి రాస్తానన్నాడు. తల్లి మాట కొట్టేయలేరట.

తిరిగొస్తుంటే ఆయన గొంతు వినిపిస్తుందేమోనని గోడ వెంట నడిచా. వినిపించలేదు.

ఫిబ్రవరి 11

అత్తను అడిగా. ఇన్ని రోజుల తర్వాత మొదటి మాట నాదే. ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూసి. నువ్వు చూశావా లేదా, మెట్లు ఎక్కింది ఎవరు, వేసింది ఎవరు. పోయి అదే చెప్పు. నీ కొడుకు బతుకుతాడు.

చుట్ట ఆరిపోయింది. వెలిగించుకోలేదు.

"ఏమని చెప్పాలె? కొడుకును తెచ్చుకొని కోడల్ని అప్పజెప్పాలెనా? నన్ను గాపని చెయ్యమంటవా?"

నేను సిద్ధమేనన్నా. నాకేం కాదు, ఆడదాన్ని గుట్ట వెనక్కి తీసుకుపోరు అన్నా. నిజంగా నమ్మే అన్నా. అత్త తల అడ్డంగా ఊపింది. ఊపి, ముంత తీసుకుని నీళ్లకు పోయింది. కుండ నిండానే ఉంది.

ఇట్లాంటి మనిషి మీద రెండేళ్లు కోపంగా ఉన్నానా అనిపించింది. అయినా కోపం పోలేదు. రెండూ ఉన్నాయి.

ఫిబ్రవరి 12

జొన్న కోత. కోశా. ఏదో ఒకటి కోయాలి చేతులు.

ఫిబ్రవరి 14. సోమవారం

చెలక నుంచి వచ్చేసరికి ఇల్లు బార్లా తెరిచి ఉంది. అత్త లేదు. కర్ర లేదు. మంచి చీర తాడు మీద లేదు.

చంద్రమ్మ పరుగున వచ్చింది. ఊపిరాడక, ఏడుస్తూ, మధ్యలో నవ్వుతూ చెప్పింది. పొద్దున నేను పోయిన వెంటనే అత్త తలకు నూనె రాసుకుని, చీర మార్చుకుని, గడీకి నడిచిందట. చంద్రమ్మ వెనకాలే పోయింది. గిర్దావరు ముందు కర్ర నేలకు కొట్టి చెప్పిందట –

"మొన్న అబద్ధం చెప్పిన. కొడుకు మంచోడని నలుగుర్ల అనిపిచ్చుకుందామని. మొదలు గడ్డపార ఏసింది నేను."

గిర్దావరు నమ్మలేదట. ఈ వయసులో ఎట్లా అన్నాడట. ఆ గోడలో ఏ రాయి ఎక్కడుందో నాకు తెలుసు, ఏది కదిపితే ఏది పడుతుందో తెలుసు, మోసినదాన్ని నేను అందట. ద్వారబంధం పక్కన కింది నుంచి రెండో వరుస బోలు రాయి, అక్కడ దించిన అందట. నేను దించింది అక్కడే. బోలు రాయని నాకిప్పటిదాకా తెలియదు. తగిలినచోట దించా అనుకున్నా.

ఆ తర్వాత ఆ బిడ్డ సంగతి చెప్పిందట. ఏళ్ల తరబడి ఎవరితోనూ అననిది, సిపాయిల ముందు. కడుపుతో రాళ్లు మోసిన, బిడ్డ పోయింది, ఆ గోడ కూలగొట్టే హక్కు నాకు గాక ఎవరికుంది అందట.

చెప్పుల మాట మాత్రం మార్చేసింది. వట్టి కాళ్లతోనే ఎక్కిన అందట. ఎంత చెప్పినా అక్కడ మాత్రం ఒప్పుకోదు.

అత్తను అక్కడే ఉంచేశారు.

మొదట కొడుకు. ఇప్పుడు తాను. నా గడ్డపార నాకు దక్కనివ్వని మనిషి. ఒంటరిగా కూర్చుని నవ్వా, ఏడ్చా. ఇంత ప్రేమ ఆమెకు నా మీద ఉందని ఎవరైనా చెబితే నేనే నమ్మేదాన్ని కాదు.

ఫిబ్రవరి 15. మంగళవారం

గిర్దావరు పిలిపించాడు.

గడీ లోపలికి మొదటిసారి. పెద్ద అరుగు. ఆ అరుగు మీద అత్త, చుట్టూ సిపాయిలు. ఎవరికీ తెలుగు రాదు. అత్తకు అదేమీ అడ్డం కాలేదు. కచ్చీరు ఎట్లా కూలగొట్టిందో చెబుతోంది, చేతికర్రనే గడ్డపార చేసి చూపిస్తోంది. వాళ్లు నవ్వుతున్నారు, ముసలమ్మను చూసి ముచ్చటపడుతున్నారు. ఒకడు ఇంకోసారి చూపించమని సైగ చేశాడు. చూపించింది.

అప్పుడు చూశా. నాది ఎడమచేతి వాటం. గడ్డపారైనా రోకలైనా ఎడమచేయి పైన పడుతుంది నాకు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్త ఎన్ని తిట్లు తిట్టిందో దానికి. ఆమె కుడిచేతి మనిషి. కర్రను ఎడమచేయి పైన పెట్టి పట్టుకుంది. ఎడమకాలు ముందు. భుజం కొంచెం కిందికి వంచి. నేను ఎట్లా వేశానో అట్లా. రెండేళ్ల కింద ఒక్కసారి చూసింది, ఎంత పట్టి చూసిందంటే...

నన్ను చూసింది. ఆపలేదు. మళ్లీ ఎత్తింది కర్ర, మళ్లీ దించింది.

గిర్దావరు పక్కకు పిలిచి చెప్పాడు. నెమ్మదిగానే. ముసలమ్మ మాటకు నువ్వు ఒప్పుకుంటే, నిజమేనని రేపు అందరి ముందు చెబితే, అట్లాగే రాసి పంపుతాడు. నీ పెనిమిటి అందరితోపాటు నల్లగొండకు పోతాడు. ముసలమ్మ కూడా జైలుకు పోతుంది, ఎన్నాళ్లో అతని చేతిలో లేదు. లేదూ, నేనే వేశానని మళ్లీ అంటే... ఇంట్లో ముగ్గురూ మూడు మాటలు చెప్పినట్టు అవుతుంది. అప్పుడు ఎవరి మాటా నిలవదు. మొదట రాసిన పేరే ఉంటుంది.

"రేపు పొద్దుగాల రా. ఒక్కటే మాట అడుగుత" అన్నాడు.

అత్త నాలుగు దెబ్బలకోసారి కూర్చుని ఊపిరి తీసుకుంటోంది. చలికి దగ్గుతోంది. ఈ వయసులో జైలు నేల మీద. ఆమె మీద అబద్ధం నా నోటితో ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆయన గుట్ట వెనక్కి.

ఎప్పుడూ ఏది అనాలో నాకు తెలుసు. నా పొగరు అదే. ఊరంతా ఆగిన మెట్టు దగ్గర నేను ఆగలేదు. ఇప్పుడు ఆగా.

ఆ గోడలో గడ్డపార దించిన చేయి ఎవరిదో బాగా తెలిసిన మనిషి గడీలో కూర్చుంది. నన్ను నేను కాదనమంటోంది. నాకోసమే.

ఫిబ్రవరి 16

తెల్లారింది. జవాను వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కాసేపు ఆగమన్నా.

అంబలి కాచా. ముగ్గురికి. ఎవరు ఎక్కడ కూర్చుని తాగుతామో తెలియదు.